తండ్రి పేరు గడి

నాకు కోపం ఎక్కువ. ఇది మా ఇంట్లో అందరూ ఒప్పుకునే సంగతి. చాలా కోపాలు వచ్చిన దారినే పోయాయి కానీ ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళయినా కడుపులో అలాగే ఉంది. సముద్రం అవతల ఒక ప్రభుత్వ కచేరీలో ఎవరూ తెరవని పాత రిజిస్టరు ఒకటి ఉంది. అందులో ఒక పేజీలో తండ్రి పేరు అని ఒక గడి ఉంది. నా కోపమంతా ఆ గడి మీద.

మా నాయన పుట్టింది పాకాల దగ్గరి మా ఊళ్ళో కాదు, దక్షిణాఫ్రికాలోని నేటాల్ సీమలో. మా ఇంట్లో దాన్ని చెరుకు దేశం అనేవాళ్ళు. నాయన తల్లిని మేము జేజి అంటాము. వరసగా వానలు లేని కాలంలో జేజి, తాత కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్రలు వేసి, మద్రాసులో ఓడ ఎక్కి పోయారు. అక్కడి చెరుకు తోటలో నాయన పుట్టాడు. ఆయనకు ఆరేళ్ళు వచ్చినప్పుడు ముగ్గురూ తిరిగి వచ్చారు. వచ్చిన రెండో ఏడే తాత విషజ్వరంతో పోయాడు. తాత వాటాకు వచ్చిన మెట్ట చేనులో వేరుసెనగ వేసి, జేజి ఒంటి చేత్తో నాయనను పెంచి పెద్ద చేసింది. నేను తిరుపతిలో చదువుకుని అక్కడే ఒక బడిలో టీచరునయ్యాను. సెలవు దొరికితే రైలెక్కి ఊరికి పోయేదాన్ని.

తాత పేరు నేనిక్కడ రాయను. జేజి నోట పెట్టని పేరును నేను అచ్చులో పెట్టలేను. తెలుసుకోవాలనుకున్నవాళ్ళకు అది పెద్ద కష్టమూ కాదు. ఏ పొద్దునైనా అలిపిరి మెట్ల దగ్గర నిలబడితే చాలు. కొండెక్కే జనం గొంతు చించుకుని ఏ పేరు అరుస్తారో, ఒకరు అరిస్తే వెనకున్న వందమంది ఏ పేరు తిరిగి అంటారో, అదే మా తాత పేరు. అందుకని తిరుపతి పక్కన పుట్టి పెరిగిన మా జేజి, బతుకంతా ఆ దేవుణ్ణి ఆ పేరుతో పిలవకుండానే మొక్కుకుంది. చిన్నప్పుడు ఆమె వెంట కొండకు పోయినప్పుడు చూసేదాన్ని. అందరూ అరుస్తుంటే ఆమె మాత్రం సామీ, సామీ అని గొణుక్కుంటూ ఎక్కేది. ఎక్కే ఆయాసానికి గొంతు రావడం లేదేమో అనుకునేదాన్ని.

మొగుడి పేరు పలకకపోవడం మా జేజి ఒక్కదాని పట్టుదలేమీ కాదు. బడిలో పిల్లల్ని చేర్చుకునే రోజుల్లో నా బల్ల ముందు రోజూ జరిగే తంతు అది. బిడ్డ చేయి పట్టుకుని తల్లి వస్తుంది. తండ్రి పేరు చెప్పమ్మా అంటే ముసిముసిగా నవ్వి, పక్కింటామె వైపు తిరిగి, నువ్వు చెప్పక్కా అంటుంది. పక్కింటామె లేకపోతే బిడ్డను ముందుకు తోస్తుంది. బిడ్డకూ నోరు పెగలకపోతే ఇక సైగలు మొదలవుతాయి. రాముడి తమ్ముడు, శివుని కొడుకు, ఆ పై వారం వచ్చే పండగ. నేను ఆ చిక్కులన్నీ విప్పి రిజిస్టరు నింపేదాన్ని. నేనూ అంతే మరి. మావారి పేరు కాగితం మీద ఎన్నిసార్లయినా రాస్తాను, నోటితో మాత్రం అనను. ఇంత తెలిసిన దాన్ని, తెలియవలసిన రోజున నాకు తెలియలేదు. దీని తరువాత నేను ఎవరిని తిట్టినా ముందు నన్ను తిట్టుకున్నాకే అని చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా చిన్నాయన తాలూకా కచేరీలో ఒక అర్జీ పెట్టాడు. చిన్నాయన అంటే తాత తమ్ముడి కొడుకు. నాయన వెనకాలే తిరిగి పెరిగినవాడు. నలభై ఏళ్ళు నోరారా అన్నా, అన్నా అన్నవాడు. చేను మొత్తం తన పేరున పట్టా చేయమని ఆ అర్జీ. ఎందుకంటే మా తాతకు బిడ్డలు లేరట. చెరుకు దేశం నుంచి జేజి చేయి పట్టుకుని దిగిన పిల్లవాడు ఎవరికి పుట్టాడో చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరట. ఇంత మాట అర్జీ రాసేవాడి చేత కుదురుగా రాయించి, కింద సంతకం పెట్టాడు ఆ మహానుభావుడు.

చేను పోతే పోనీ అని నాయన అన్నాడు. జేజికి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం ఊరుకోలేదు. తహశీల్దారు పుట్టుకకు రుజువు తెమ్మన్నారని తెలియగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. దొరలు దేన్నైనా రాసి పెట్టుకుంటారు, ఏ ఓడలో ఎవరు వచ్చారో, ఏ తోటలో ఎవరు పుట్టారో, అన్నీ వాళ్ళ దగ్గర ఉంటాయి అని నాయనకు ఉపన్యాసం ఇచ్చాను. చదువుకున్నదాన్ని కదా. మూడుసార్లు కొట్టేసి రాసి, శుభ్రంగా సాపు చేసి, ఆ దేశపు పాత రికార్డుల అధికారికి ఇంగ్లీషులో ఉత్తరం పెట్టాను. తాత పేరు, జేజి పేరు, నాయన పేరు, తోట ఉన్న ఊరు, జేజికి గుర్తున్నంతవరకు అన్నీ రాశాను.

చాలా నెలలకు జవాబు వచ్చింది. మీరు చెప్పిన తండ్రి పేరుతో అలాంటి పుట్టుక ఏదీ నమోదు కాలేదు, కూలీ నంబరు ఉంటే తెలియజేయగలరు అని. మనుషులను పేర్లతో వెతకడం వాళ్ళకు చేతకాలేదు. నంబరు కావాలి. జేజి దగ్గర ఆ నంబరు ఉంది. ఓడ ఎక్కేముందు మెడలో కట్టిన రేకు బిళ్ళ అది. నలభై ఏళ్ళకు పైగా వక్కాకు సంచిలో అడుగున దాచుకుంది. ఎందుకని అడిగితే, మళ్ళా వచ్చి అడుగుతారేమో అంది. ఆ బిళ్ళ మీది అంకెలు ఎక్కించుకుని రెండో ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం పోయి జవాబు వచ్చేలోపల దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. జవాబు కవరు మీద మాత్రం మా దేశం పేరు ముందు బ్రిటిష్ అనే పాత మాట అలాగే ఉంది. అదీ నాకు కోపమే, కానీ అది చిన్న కోపం.

ఆ కవరును తిరుపతిలోనే చింపి చదివి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. నాకు అందరి ముందు గెలవాలని ఉబలాటం. కవరును అలాగే సంచిలో పెట్టుకుని, ఆదివారం రైలెక్కి, పాకాలలో దిగి, ఊరికి నడిచి వెళ్ళాను. చిన్నాయనను పిలిపించాను. ఊరి పెద్దలు ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. జేజి వాకిట్లో వేరుసెనక్కాయలు ఒలుస్తోంది. నేను నిలబడి, కవరు చింపి, పెద్దగా చదవడం మొదలుపెట్టాను. కూలీ నంబరు, సరిపోయింది. తల్లి పేరు, నోరు తిరగని దొర రాశాడు గానీ జేజి పేరే. బిడ్డ పేరు, నాయనదే. తండ్రి పేరు.

నా కళ్ళు ఆగేలోపే నోరు చదివేసింది. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరును, ఇంగ్లీషువాడు ఎలా పలుకుతాడో అలాగే పలికాను. మేయన్న.

జేజి చేతిలోని కాయలు చాటలో వేసి, తలెత్తి నన్నే అడిగింది.

“మేయన్న అంటే యెవురు పాపా?”

చిన్నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ లేచాడు.

“అది నువ్వే సెప్పాల పెద్దమ్మా” అన్నాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆయన వెంటే వెళ్ళిపోయారు.

అప్పుడు మొదటిసారి జేజికి సంగతంతా తెలిసింది. అర్జీ సంగతి, అందులో రాసిన మాట, ఈ కాగితం ఎందుకు తెప్పించానో, అన్నీ నాయన నేల చూస్తూ చెప్పాడు. ఆమె అరవలేదు. ఏడవనూ లేదు. మేయన్న అనేవాణ్ణి నేనెరగను అంది. ఆ తోటలో అట్లాంటి పేరు గలవాడు ఎవడూ లేడంది. చెప్పి మళ్ళీ కాయలు ఒలవడానికి కూర్చుంది.

ఆ తరువాతి వారం గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ సిగ్గు. నాయన తల్లి వైపు చూడటం మానేశాడు. యాభై ఏళ్ళు వస్తున్న మనిషి, అమ్మ వడ్డిస్తే తప్ప ముద్ద దిగనివాడు, ఇప్పుడు గిన్నె తీసుకుని మా అమ్మ దగ్గరికి పోయి నువ్వే పెట్టు అన్నాడు. మంచం చేను దగ్గరి పాకలోకి మార్చుకున్నాడు. ఎందుకంటే కాయలకు కాపలా అన్నాడు. కాయలన్నీ అప్పటికే ఇంటికి చేరాయి. నేనేమో తిరుపతికి తిరిగొచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేసుకున్నాను. పరాయి దేశం, వయసులో ఉన్న ఆడమనిషి, చెరుకు తోట, దొరలు, మేస్త్రీలు, ఎవరికి తెలుసు అనుకున్నాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి గురించి, తెలియని ఎవడో గుమాస్తా రాసిన ఒక్క మాట పట్టుకుని అనుకున్నాను. నా చదువు నాకు నేర్పింది అదన్నమాట, ఇంగ్లీషులో రాసి ముద్ర వేసి ఉంటే నమ్మడం.

మరుసటి ఆదివారం నేను పోయేసరికి జేజి నాయనను వాకిట్లో నిలబెట్టి అడుగుతోంది.

“అబ్బోడా, నా మాట కన్నా ఆ కాయితం పెద్దదా?”

నాయన చేను దారి వైపు తిరిగాడు.

“సరే. నన్ను ఆ తాసిల్దారు కాడికి తోలకపో. ఏమడగతాడో అడగమను.”

చంద్రగిరిలో తాలూకా కచేరీ. విచారణ రోజున నాయన, జేజి, నేను ఒక పక్కన నిలబడ్డాం. చిన్నాయన ఇంకో పక్కన, చేతిలో నేను తెప్పించి కచేరీలో దాఖలు చేయక తప్పని కాగితానికి నకలు పట్టుకుని. నేను తెప్పించిన కాగితమే ఆయన బలం. తహశీల్దారు పెద్ద వయసు మనిషి, తెలుగాయన. గుమాస్తా వేలూరు వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన అరవాయన. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం అంతంత మాత్రం. వాఙ్మూలం అంతా ఇంగ్లీషులో రాస్తున్నాడు. అప్పటికే ఆ పొద్దు చాలామందివి రాసి రాసి అలసిపోయి ఉన్నాడు. తల ఎత్తకుండా జేజిని అడగడం మొదలుపెట్టాడు. పేరు అడిగితే చెప్పింది. ఊరు చెప్పింది. వయసు, ధాతు కరువుకు నేను చంకలో బిడ్డనంట సామీ అంది. అదేదో ఆయనే లెక్క కట్టుకున్నాడు. భర్త పేరు అడిగాడు.

“మాయన పేరా? నేనెట్ల సెప్పేది సామీ” అంది జేజి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆయన రాసుకున్నాడు. తరువాతి ప్రశ్న వేశాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, రోజూ నా బల్ల ముందు వినే మాటే విన్నాను, ఏమీ తోచలేదు.

వేలిముద్ర వేసేముందు వాఙ్మూలం చదివి వినిపించాలి. తహశీల్దారు ఆ కాగితం తన ముందుకు లాక్కుని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయారు. పేరు ఇది, ఊరు ఇది, వయసు ఇంత, భర్త పేరు మాయన్న.

చిన్నాయన ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఇనినారా సామీ? ఆమె నోటితో ఆమే ఒప్పుకుండాది” అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

తహశీల్దారు ఆయన వైపు చూడలేదు. వాఙ్మూలం పక్కన చెరుకు దేశం కాగితం పెట్టుకుని చూశారు. రెండు కాగితాల్లోనూ అవే అక్షరాలు. ఒక్క అక్షరం తేడా లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. గుమాస్తాను అడిగారు, ఇప్పుడు ఈమె భర్త పేరు ఏమని చెప్పిందని. మాయన్న అని చెప్పింది సార్ అన్నాడాయన, అమాయకంగా. అప్పుడు జేజి వైపు తిరిగారు.

“మాయన అంటే ఎవరమ్మా?”

జేజి ఆయనను జాలిగా చూసింది.

“యెవురేంది సామీ, మాయనే” అంది.

నాకు చెంప మీద ఎవరో చరిచినట్టయింది. మా ఆయన. మాయన. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, చివర ఒక ఒత్తు తగిలించి, దొర చేత సంతకం చేయించి, ఒక మగవాణ్ణి పుట్టించారు. ఆ లేని మగవాడి కోసం మా నాయన వారం రోజులు తల్లి ముఖం చూడలేదు.

తహశీల్దారు అడగ్గా జేజి అప్పటి సంగతి చెప్పింది. నాయన పుట్టిన పదో రోజున బిడ్డను రాయించాలని తోట కచేరీకి రమ్మన్నారు. తాత చెరుకు కొట్టడానికి పోయాడు. పని మానితే ఒప్పుకోరు. పచ్చి బాలింత, బిడ్డను గుడ్డలో చుట్టుకుని తనే నడిచి పోయింది. అక్కడ ఒక దొర, ఆయనకు మన మాట ఇంగ్లీషులో చెప్పే ఒక దుబాసి. ఆ దుబాసికీ తెలుగు అరకొరే.

“నీ మొగుని పేరేంది అన్నాడు సామీ. మాయన సెరుకు కొట్టను పోయినాడు, వొచ్చి ఆయనే సెప్తాడు అన్నా. సరే పో అన్నాడు. పోతిని.”

తాత చెప్పడానికి పోలేదా అని తహశీల్దారు అడిగారు. పోయాడట. అంతా రాసేసినాము పో అని దుబాసి తరిమేశాడట. ఒక మనిషి తన బిడ్డకు తన పేరు రాయించడానికి వస్తే తరిమిన ఆ దుబాసి ఇప్పుడు ఎక్కడైనా కనబడితే, నేను ఏం చేస్తానో నాకే తెలియదు.

తహశీల్దారు రెండు కాగితాలూ మడిచి పక్కన పెట్టారు. తరువాత, మా ఇంట్లోనూ నాకు పేరు లేదమ్మా అన్నారు జేజితో. నవ్వుతూనే అన్నారు గానీ చిన్నాయన అర్జీ కొట్టేస్తున్నానని చెప్పేటప్పుడు నవ్వలేదు. చిన్నాయన తువ్వాలు చంకన పెట్టుకుని మా కంటే ముందే వెళ్ళిపోయాడు. క్షమించమని ఆయన అడగలేదు. ఆయన నుంచి నేనూ ఎదురు చూడలేదు.

ఇంటికి పోయాక నాయన కాళ్ళు కడుక్కుని వచ్చి, జేజి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. మ్మా, పెట్టు అన్నాడు. జేజి సంగటి ముద్ద వేసి, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఆ వారం గురించి ఆమె ఆయనను ఎప్పుడూ అడగలేదు. ఆయన తింటూ తింటూ ఏడ్చాడు. మా అమ్మ, నేను వంటింట్లోకి పోయాము.

చేను దక్కింది, గొడవ తీరింది అని అందరూ అన్నారు. జేజికి తీరలేదు. నేను తిరుపతికి బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచింది.

“ఆ దేశంలో ఆ కాయితం అట్లనే ఉండాది గదా పాపా. ఆడ దిద్దమని రాయి.”

సంతోషంగా రాశాను. తప్పు ఎలా జరిగిందో, మాయన అంటే అర్థమేమిటో, తహశీల్దారు ఉత్తర్వు నకలుతో సహా, ఎంత ఓపికగా చెప్పగలనో అంత ఓపికగా చెప్పాను. మావారు చదివి, ఇంత మంచి ఇంగ్లీషు వాళ్ళకు దండగ అన్నారు. ఆయన మాటే నిజమైంది. జవాబు ఎంతో మర్యాదగా ఉంది. మా విచారానికి వాళ్ళూ విచారించారు. అయితే రిజిస్టరులోని నమోదును మార్చడానికి, ఆనాడు వివరాలు చెప్పిన వ్యక్తే, అంటే తల్లే, మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణం చేసి, తండ్రి అసలు పేరును తన నోటితో చెప్పి, అలా చెప్పినట్టు మేజిస్ట్రేటు ధ్రువపరచాలట. మనవరాలు చెబితే చెల్లదు, కొడుకు చెబితే చెల్లదు, తహశీల్దారు చెప్పినా చెల్లదు. పేరు పలకలేకే కదా ఇంత జరిగింది అని మూడు పేజీలు రాశాను. మూడు పేజీలు చదివి, పేరు పలకమన్నారు.

ఉత్తరం జేజికి చదివి వినిపించాను. వద్దులే జేజీ, వదిలేద్దాం అన్నాను. ఆమె రెండు రోజులు తన పని తాను చేసుకుంది. మూడో రోజు పొద్దున తలంటుకుని, పెట్టె అడుగు నుంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది.

“నా బిడ్డే వారం దినాలు నా మొగం సూడలేదు. రేపు వాని మనవడెవుడన్నా మళ్ళా ఆ కాయితం తెప్పిస్తే? అప్పుడు సెప్పుకునేదానికి నేనుండను. పోదాం పద” అంది.

చిత్తూరుకు రైల్లో పోయాము. దారి పొడుగునా ఆమె పెదాలు కదుపుతూనే ఉంది. బయటికి మాత్రం ఏమీ వినబడలేదు. పలకడం అలవాటు చేసుకుంటోందో, చచ్చిపోయిన తాతను క్షమించమని అడుక్కుంటోందో నేను అడగలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. తగ్గడానికి ఆయుష్షే లేని మనిషికి కూడా ఆమె నలభై ఏళ్ళుగా ఆ భయం పడుతూనే ఉంది.

మేజిస్ట్రేటు నుదుట నిలువు నామంతో భక్తిగా కనిపించారు. ఉత్తరం చదివి, విషయం అర్థమైందన్నారు. గది నిండా జనం. గుమాస్తా కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ప్రమాణం చేయించారు. భర్త పేరు చెప్పమన్నారు.

జేజి చెంగు నోటి మీద నుంచి తీసింది. కొండ ఎటువైపు ఉందో నన్ను అడిగి అటు తిరిగింది. కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ జోడించింది. బతుకంతా లోపల పెట్టుకున్న ఆ పేరును, ఒక్కసారి, గది అవతలికి వినిపించేలా పలికింది.

మేజిస్ట్రేటు కళ్ళు మూసుకుని నమస్కారం పెట్టారు. గుమాస్తా కలం కింద పెట్టి లెంపలు వేసుకున్నాడు. గుమ్మం దగ్గరి బంట్రోతు గట్టిగా అదే పేరు తిరిగి అన్నాడు. వరండాలో వాయిదాల కోసం కూర్చున్న జనం అంతా, ఎందుకో ఏమిటో అడగకుండా, అలవాటు చొప్పున అందుకున్నారు. కచేరీ అంతా ఆ పేరు మోగింది. ఒక్కడంటే ఒక్కడు రాసుకోలేదు.

అంతా సద్దుమణిగాక మేజిస్ట్రేటు కళ్ళు తెరిచారు. మంచిదమ్మా, దేవుణ్ణి తలుచుకున్నావు, ఇప్పుడు నీ భర్త పేరు చెప్పు అన్నారు.

నేను అరిచాను. ఒప్పుకుంటున్నాను, కచేరీలో అరవకూడదు. ఆమె చెప్పింది అదేనండీ, అదే పేరు అని అరిచాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. దేవుడి పేరు విన్నాను తప్ప భర్త పేరుగా వినలేదు, విననిదాన్ని విన్నట్టు రాయలేను, ఇంకొక్కసారి చెప్పించండి, అంతే కదా అన్నారు. మంచి మనిషే. అబద్ధం రాయని మనిషి. ఆ రోజు నాకు ఆయన కంటే ఆ దుబాసే నయమనిపించాడు.

జేజి చెంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒగసారి సెప్పినా సామీ. ఇంగ సెప్పను.”

బతిమాలాను. నాకు ఏడుపు వచ్చింది. ఆమె కదలలేదు. గుమాస్తా తరువాతి వాళ్ళను పిలిచాడు.

తిరుగు రైల్లో నా నోటికి హద్దు లేకుండా పోయింది. ఆ దేశాన్ని, మన దేశాన్ని, దొరను, దుబాసిని, నామం మేజిస్ట్రేటును, చిన్నాయనను, పేరు పలకొద్దని ఆడవాళ్ళకు మొదట చెప్పినవాణ్ణి, అందరినీ కడిగేశాను. పలికితే దేవుడి ఖాతాలో వేస్తారు, పలకకపోతే లేని మగవాణ్ణి అంటగడతారు, ఆడది ఎట్లా చెప్పి చావాలి అన్నాను. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. జేజి వక్కాకు సంచి విప్పి, ఆకుకు సున్నం రాసుకుంటూ అంతా విన్నది.

“ఆ గడిలో ఏమని రాసుండాదో ఇంగోసారి సదువు” అంది.

కాగితం తీశాను. ఈసారి తెలుగుదానిలా చదివాను. బిడ్డ తండ్రి, మాయన. తల్లి, మాయన భార్య.

“ఉండనీలే పాపా” అంది. “వాడు మాయనకు పుట్టినోడే. నేను మాయన పెండ్లాన్నే. సరింగానే రాసినారు.”

ఆకు మడిచి నోట్లో పెట్టుకుని, రేకు బిళ్ళ ఉన్న సంచి ముడి వేసుకుంది. నేను ఆ కాగితాన్ని మడిచి లోపల పెట్టాను. నా కోపం మాత్రం పాకాలలో దిగలేదు.